ఒకే తీగ మీద పాటా మాటా

అలెగ్జాండర్ గ్రాహంబెల్ తను పని చేసుకునే గదిలో ఫోన్ పెట్టుకోలేదు. ఫోన్ పేరు చెప్తే గుర్తొచ్చే మనిషే! ఇంట్లో ఉంటే ఉండనీ గానీ, ఆ గదిలోకి మాత్రం రానివ్వలేదు. ఆలోచన మధ్యలో గంట మోగితే ఆ రోజుకి పని పోయినట్టే అని ఆయన బాధ. హెడ్‌సెట్‌లో మంచి పాట చరణంలోకి వచ్చేసరికి ఏదో లోన్ ఆఫర్ కాల్ వచ్చి పాట ఠక్కున ఆగిపోయినప్పుడు మనం పడే బాధ కూడా అదే కదా.

ఈయన గురించి నేను చదవడం మొదలుపెట్టింది సిలబస్ కోసం కాదు, మా పెద్దనాయిన వ్యాన్ కోసం. మాది జిన్నారం. మా పెద్దనాయిన బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి వైపు కంపెనీలకి షిఫ్టు వ్యాన్ నడుపుతాడు. అంతకుముందు చాలా ఏళ్ళు రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ల మధ్య పని చేశాడు. వినికిడి సగం అక్కడే పోయింది. పాటలంటే ప్రాణం. వ్యాన్‌లో సౌండ్ పెంచుకుంటే పాట వినబడుతుంది గానీ, ఫోన్ చెవికి పెట్టుకుంటే అవతలివాళ్ళ మాట ముద్దముద్దగా ఉంటుంది. రోడ్డు పక్కన బండి ఆపి, అందరినీ సప్పుడు చెయ్యకుండ్రి అని బతిమాలి, అప్పుడు మాట్లాడేవాడు. పోయిన సెలవుల్లో పాత టేప్ డెక్ తీసేసి బ్లూటూత్ స్టీరియో పెట్టాను. మైకు ముందద్దం పక్కన బిగించాను. ఇప్పుడు పాట నడుస్తుంటే కాల్ వస్తుంది, పాట తగ్గి ఆగుతుంది, మా పెద్దమ్మ గొంతు నాలుగు డోర్ల స్పీకర్లలోంచి వస్తుంది. పెద్దనాయిన ఖుషీ. బండిలో ఉన్నవాళ్ళు ఇంకా ఖుషీ, మా ఇంటి సంగతులన్నీ ఉచితంగా తెలుస్తున్నాయి కాబట్టి.

పాటల పెట్టె, ఫోను ఒకే స్పీకర్లోకి రావడం ఈ మధ్య జరిగిన సంగతి అనుకుంటాం. బెల్ జీవితం చదివాక నాకు తెలిసిందేంటంటే, అవి మొదట కలిసే ఉన్నాయి. తర్వాత విడిపోయాయి. మనం మళ్ళీ కలిపాం, అంతే.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తాత, తండ్రి ఇద్దరికీ ఉచ్చారణ నేర్పడమే వృత్తి. తండ్రి మెల్‌విల్ బెల్ అయితే ఏ భాషలోని ఏ శబ్దాన్నైనా నోరు, నాలుక, పెదాల స్థానాన్ని బట్టి రాసే ఒక లిపినే తయారుచేశాడు. క, చ, ట, త, ప అని నోట్లో లోపలి నుంచి బయటికి వచ్చే వరుసలో అక్షరాలు దిద్దుకున్న మనకి ఆ ఆలోచన మరీ కొత్తగా ఉండదు. తల్లి ఎలైజాకి వినికిడి బాగా తక్కువ. కానీ ఆవిడ పియానో వాయించేది. చెవి గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస పియానో చెక్క మీద పెట్టి, ఆ అదురులోంచి సంగీతం తీసుకునేది. కొడుక్కి పియానో నేర్పింది ఆవిడే.

మిగతావాళ్ళు ఆవిడతో ఆ గొట్టంలో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు. బెల్ అరిచేవాడు కాదు. ఆవిడ నుదుటికి దగ్గరగా నోరు పెట్టి, లోగొంతుతో మెల్లగా మాట్లాడేవాడు. ఎముక ద్వారా ఆవిడకి అందేది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట పక్కన కూర్చుని, వాళ్ళ మాటల్ని వేళ్ళతో అక్షరాలుగా చూపించేవాడు. ఈ వేళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

కుర్రతనంలో చేసిన పనులు మన హాస్టల్ పనుల్లాగే ఉంటాయి. అన్నతో కలిసి మాట్లాడే తలకాయ ఒకటి తయారుచేశాడు. రబ్బరు నాలుక, పెదాలు, గొంతుకి కొలిమితిత్తి లాంటి గాలి ఏర్పాటు. అది పసిపిల్లలా అమ్మని పిలిచేసరికి పక్కింటివాళ్ళు ఎవరి బిడ్డో ఏడుస్తోందని చూడ్డానికి వచ్చారట. ఇంట్లో కుక్కని గుర్రుమనేలా అలవాటు చేసి, దాని దవడని చేత్తో కదుపుతూ మాటలు పలికించాడు. నవ్వొస్తుంది గానీ, ఈ రెండింటిలోనూ ఒక ఇంజనీర్ ఉన్నాడు: మాట అనేది ఒక గాలి ఊపు, దాన్ని మలిచే కొన్ని కదిలే భాగాలు, అంతకుమించి మాయ లేదని అప్పటికే పట్టుకున్నాడు.

తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పుస్తకం చేతికొచ్చింది. ఆయన విద్యుత్తుతో ట్యూనింగ్ ఫోర్కుల్ని కదిలించి అచ్చుల శబ్దాలు పుట్టించాడు. బెల్‌కి జర్మన్ సరిగ్గా రాదు. బొమ్మలు చూసి, ఈయన అచ్చుల్ని తీగ మీదుగా దూరానికి పంపాడు కాబోలు అనుకున్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ అలాంటిదేం చేయలేదు. కానీ ఎవరో అచ్చుల్ని పంపేశారంటే హల్లుల్ని కూడా పంపొచ్చు కదా అని బెల్ నమ్మేశాడు. జర్మన్ బాగా వచ్చి ఉంటే మొదలే పెట్టేవాణ్ణి కాదేమో అని తర్వాత ఆయనే తలుచుకునేవాడు.

ఇంట్లో మాత్రం కాలం బాగోలేదు. 1867లో తమ్ముడు, 1870లో అన్న క్షయతో పోయారు. మిగిలిన ఒక్క కొడుకు కూడా బలహీనంగా ఉండటంతో తల్లిదండ్రులు అన్నీ అమ్ముకుని అదే ఏడు కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌కి వెళ్ళిపోయారు. 1871 నుంచి బెల్ బోస్టన్‌లో వినికిడి లేని పిల్లలకి మాట నేర్పే పనిలో చేరాడు. పగలు బడి, రాత్రి ప్రయోగాలు.

ఆ ప్రయోగాలు మొదట ఫోన్ కోసం కాదు. అప్పుడు టెలిగ్రాఫ్ తీగ మీద ఒకేసారి ఎక్కువ సందేశాలు పంపగలిగినవాడికి డబ్బే డబ్బు. బెల్ ఆలోచన సంగీతం నుంచి వచ్చింది. పియానో పెడల్ నొక్కిపట్టి ఒక స్వరం పాడితే ఆ స్వరం ఉన్న తీగే పలుకుతుంది, మిగతావి ఊరుకుంటాయి. మరి ఒకే టెలిగ్రాఫ్ తీగ మీద స, గ, ప అని మూడు స్వరాల్లో మూడు సందేశాలు పంపితే, అవతల మూడు ఉక్కు రీడ్లు ఎవరి స్వరం వాళ్ళు ఏరుకోవాలి కదా? ఈసీఈ వాళ్ళు ఇప్పటికే గుర్తుపట్టి ఉంటారు. మనం ఫ్రీక్వెన్సీ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అని ఐదు మార్కులకి రాసేది ఇదే. ఆయన దాన్ని హార్మోనిక్ టెలిగ్రాఫ్ అన్నాడు. తీగ మీద వెళ్ళాల్సింది మాట కాదు, స్వరాలు. ఫోన్‌కి ముందు పుట్టింది ఒకరకంగా హార్మోనియం.

1874 ఎండాకాలం బ్రాంట్‌ఫర్డ్‌లో ఆయన చేసిన ప్రయోగం చదివితే కొంచెం ఒళ్ళు జలదరిస్తుంది. బోస్టన్‌లోని ఒక చెవి డాక్టర్ సాయంతో చనిపోయిన మనిషి చెవిలోని భాగాన్ని, కర్ణభేరి, దాని వెనక చిన్న ఎముకలతో సహా, సంపాదించాడు. ఎముకకి ఒక గడ్డిపరక అతికించాడు. చెవిలో మాట్లాడితే గడ్డిపరక వణికి, పొగ పట్టించిన గాజు మీద గీతలు గీసేది. మాట ఆకారం కంటికి కనబడింది. ఆయన చూడాలనుకున్నది పిల్లలకి ఆ గీతలు చూపించి ఉచ్చారణ నేర్పొచ్చా అని. చూసింది ఇంకోటి: కాగితం కన్నా పల్చటి పొర అంత బరువైన ఎముకల్ని కదిలించగలిగితే, కొంచెం పెద్ద పొర ఒక ఇనప ముక్కని ఎందుకు కదిలించలేదు? ఆ ఇనప ముక్క ఒక అయస్కాంతం ముందు కదిలితే? మైకూ స్పీకరూ రెండూ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

1875 జూన్ 2. బోస్టన్‌లో ఒక వర్క్‌షాపు. ఒక గదిలో బెల్, ఇంకో గదిలో ఆయన మెకానిక్ థామస్ వాట్సన్. వాట్సన్ వైపు ఒక రీడు ఇరుక్కుపోతే వేలితో మీటాడు. బెల్ వైపు రీడు ట్విఁగ్‌మంది. మామూలుగా వినబడే టకటక కాదు, రీడు అసలు నాదం, దాని పైస్వరాలతో సహా. ఏం జరిగిందంటే, స్విచ్ ఆన్ ఆఫ్ అయి పుట్టే తుంపుల కరెంటు కాకుండా, అయస్కాంతం ముందు రీడు ఊగడం వల్ల అలలా ఎక్కీ దిగే కరెంటు తీగ మీద వెళ్ళింది. పక్కవాడైతే ఇరుక్కుపోయిన రీడు సరిచేసుకుని పని కొనసాగించేవాడు. పియానో చెవి ఉన్నవాడు కాబట్టి బెల్ పరిగెత్తుకొచ్చి, ఏం చేశావో అది మళ్ళీ చెయ్యమన్నాడు. నాకైతే ఆయన జీవితంలో అసలు క్షణం ఇదే అనిపిస్తుంది, అందరూ చెప్పే 1876 మార్చి 10 కాదు. ఆ రోజు వాట్సన్‌ని పిలిచిన పిలుపు తీగలోంచి పక్క గదికి చేరిందని, అతను లేచి వచ్చాడని మనం స్కూల్లోనే చదివాం.

పేటెంట్ సంగతి దాటేయకూడదు. 1876 ఫిబ్రవరి 14న బెల్ తరఫున దరఖాస్తు పడింది. అదే రోజు ఎలిషా గ్రే అనే ఇంకో ఇంజనీర్ కూడా తన ఆలోచన మీద పత్రం దాఖలు చేశాడు. 174465 నంబరు పేటెంట్ మార్చి 7న, బెల్‌కి 29 ఏళ్ళు నిండిన నాలుగో రోజున, బెల్‌కే వచ్చింది. మార్చి 10న పని చేసిన యంత్రంలో వాడిన ద్రవం పద్ధతి గ్రే పత్రంలో ఉన్నదానికి దగ్గరగా ఉండటంతో అనుమానాలు ఇప్పటికీ ఉన్నాయి. వందల కేసులు నడిచాయి, చివరికి 1888లో అమెరికా సుప్రీంకోర్టు కూడా బెల్ వైపే చెప్పింది. కోర్టు తీర్పు వేరు, మనసుకి తోచేది వేరు. బెల్ దొంగ అని నేను అనను, అలల కరెంటు ఆయనదే. కానీ గ్రేకి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా రావాల్సింది.

గ్రే యంత్రం ఏం చేసేదో తెలుసా? పాటలు పంపేది. 1877 వసంతంలో ఫిలడెల్ఫియాలో పియానో లాంటిది వాయిస్తే న్యూయార్క్ హాల్లో వినబడే కచేరీలు పెట్టాడు. స్వరాలు మాత్రమే, మాట కాదు. బెల్ యంత్రం రెండూ మోసేది. 1877 ఫిబ్రవరి 12న సేలం అనే ఊళ్ళో, లైసియం హాల్లో, బెల్ ఉపన్యాసం. పాతిక కిలోమీటర్ల దూరంలో బోస్టన్‌లో వాట్సన్. బెల్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపి, బల్ల మీదున్న చెక్కపెట్టె వైపు చూపించేవాడు. ఆ పెట్టెలోంచి ఆర్గన్ వినబడింది, వాట్సన్ పాడిన పాటలు వినబడ్డాయి, తర్వాత అతని మాట వినబడింది. వందల మంది ఒకే హాల్లో కూర్చుని విన్నారు. ఎవరి చేతిలోనూ ఏదీ లేదు. ఒకే పెట్టె, దాంట్లోంచే పాట, దాంట్లోంచే కాల్! పెద్దనాయిన వ్యాన్‌కి ముత్తాత అది.

వాట్సన్ పెద్ద గాయకుడేం కాదు. గొంతు మాత్రం పెద్దది. అద్దె గదిలో రాత్రుళ్ళు ఫోన్‌లోకి అరుస్తుంటే ఇంటి ఓనరమ్మ ఊరుకోదని దుప్పట్లు గుడారంలా చుట్టుకుని లోపల దూరి అరిచేవాడు. మన ఊళ్ళలో ఒకప్పుడు ఉండే ఎస్టీడీ బూత్ అద్దాల గదికి మూలపురుషుడు ఆ దుప్పటి. తర్వాత ఫోన్ పని మానేసి నాటకాల్లో నటుడయ్యాడు.

మరి అలా హాల్లో అందరికీ వినబడిన ఫోన్, చెవికి అతుక్కునే ఫోన్ ఎలా అయింది? శబ్దం చాలక. అప్పుడు యాంప్లిఫయర్ లేదు. మనిషి గొంతులోని బలం ఎంతో, తీగ మీద అరిగిపోగా మిగిలింది అంతే. హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటే వినబడేది గానీ బజార్లో వినబడదు. కాబట్టి పెట్టెని చెవికి నొక్కిపెట్టుకోవాలి. మొదట్లో మాట్లాడటానికీ వినడానికీ ఒకటే గొట్టం, నోటి దగ్గర పెట్టు, తీసి చెవి దగ్గర పెట్టు. ఫోన్ అంటే ఇద్దరి మధ్య గుట్టు అనే మన అలవాటంతా ఆ బలహీనత నుంచి వచ్చిందే. వాక్యూమ్ ట్యూబులు వచ్చాకే దూరం తీరింది. 1915 జనవరి 25న న్యూయార్క్ నుంచి బెల్ మళ్ళీ వాట్సన్‌ని పిలిచాడు. అతను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు, రావాలంటే ఇప్పుడు వారం పడుతుందని జవాబిచ్చాడు. అదే ఏడు కాలిఫోర్నియాలో జెన్సెన్, ప్రిడ్‌హామ్ అనే ఇద్దరు మంచి టెలిఫోన్ రిసీవర్ చేద్దామని మొదలుపెట్టిన పనిని లౌడ్ స్పీకర్‌గా మార్చి, డిసెంబరులో జనం మధ్య పాటలు వినిపించారు. పాటల స్పీకర్ కూడా ఫోన్ కడుపున పుట్టిందే అన్నమాట.

సరే, వెనక్కి వద్దాం. 1877 జులై 11న బెల్ మేబెల్ హబ్బర్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఆయన విద్యార్థిని, పదేళ్ళు చిన్నది. ఐదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. పెదాల కదలిక చూసి మాట పట్టుకునేది. పెళ్ళి కానుకగా కొత్త టెలిఫోన్ కంపెనీలో తన వాటాలన్నీ, పది మాత్రం ఉంచుకుని, ఆవిడ పేర రాసేశాడు. పుట్టుకకి ముందు తల్లి, పెళ్ళి తర్వాత భార్య. లోకమంతా ఆయన తీగలోంచి విన్నది. ఆయనకి అందరికన్నా దగ్గరివాళ్ళిద్దరూ దాన్ని వినలేదు.

1878 జనవరిలో విక్టోరియా రాణికి ఫోన్ చూపించారు. అక్కడా పాటే పాడించారు. 1882 జనవరికల్లా కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు వచ్చేశాయి. బెల్‌కి మాత్రం అప్పటికే ఫోన్ మీద మోజు పోయింది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టినప్పుడు, ఇంత దగ్గరకి వచ్చి నేనెలా వదిలేశాను అని కుమిలిపోయాడు. నిజమే, గడ్డిపరకతో మాటని గీసినవాడు, ఆ గీత మీద సూదిని వెనక్కి నడిపితే మాట తిరిగొస్తుందని అనుకోలేదు. 1880లో ఫ్రెంచ్ ప్రభుత్వం 50,000 ఫ్రాంకుల వోల్టా బహుమతి ఇస్తే ఆ డబ్బుతో వాషింగ్టన్‌లో వోల్టా ల్యాబ్ పెట్టాడు. పిన్నమ్మ కొడుకో బాబాయి కొడుకో అని తికమక పడక్కర్లేదు, చిచెస్టర్ బెల్ పెద్దనాయిన కొడుకు. అతనూ, చార్ల్స్ టెయింటర్ అనే పనివంతుడూ తోడయ్యారు. ఎడిసన్ తగరపు రేకు మీద నొక్కేవాడు, నాలుగుసార్లు వింటే చిరిగిపోయేది. వీళ్ళు మైనం మీద చెక్కారు. 1886లో పేటెంట్లు వచ్చాయి. పాట నిలవ ఉండటం, మళ్ళీ మళ్ళీ వినగలగడం అక్కణ్ణుంచే నిజంగా మొదలైంది. ఎడిసన్ కూడా తిరిగి మైనానికే వచ్చాడు. ఆ పేటెంట్ల మీద నడిచిన వ్యాపారం నుంచే కొలంబియా రికార్డ్స్ పుట్టింది.

అదే ల్యాబు రోజుల్లో ఫోటోఫోన్ కూడా. అద్దం మీద పడ్డ ఎండ, మాటకి అద్దం వణికితే అవతలికి వణుకుతూ చేరుతుంది. అక్కడ సెలీనియం దాన్ని మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. 1880లో సుమారు 213 మీటర్ల దూరం తీగ లేకుండా మాట వెళ్ళింది. ఫోన్ కన్నా ఇదే తన గొప్ప పని అని ఆయన నమ్మకం. అప్పుడే పుట్టిన రెండో కూతురికి ఫోటోఫోన్ అని పేరు పెడదామన్నాడని, మేబెల్ ఒప్పుకోలేదని చెప్తారు. మేబెల్‌కి ఆ పాప తరఫున మనం దండం పెట్టాలి.

అంటే చూడండి: మాట మోసే తీగ, పాట దాచే మైనం, తీగ లేకుండా వెళ్ళే గొంతు. మన బ్లూటూత్ స్టీరియోలో ఉన్న మూడు ముక్కలూ పదేళ్ళలో ఒకే మనిషి చేతుల్లోంచి వెళ్ళాయి. ఆయన వాటిని కలపలేదు. కలపడానికి కావలసింది ఇంకా పుట్టలేదు. కలిపితే వచ్చే తలనొప్పి వేరే ఉంటుంది, అది నాకు వ్యాన్‌లో ఎదురైంది: పెద్దమ్మకి తన మాట తనకే తిరిగి వినబడేది. స్పీకర్లోంచి వచ్చిన ఆవిడ గొంతుని మైకు మళ్ళీ పట్టుకుని వెనక్కి పంపుతోంది. మైకు జాగా మార్చి, సెట్టింగుల్లో ఎకో క్యాన్సిలేషన్ ఆన్ చేస్తే తగ్గింది. ఆ క్యాన్సిలేషన్ పద్ధతి 1960ల్లో బెల్ పేరున్న ల్యాబుల్లోనే తయారైంది, పని చేసినవాళ్ళలో మన్‌మోహన్ సోంధీ అనే భారతీయుడు ఒకరు. ఇంకోటి, పాట మంచిగా వచ్చే అదే స్పీకర్లో కాల్ ఎందుకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందని పెద్దనాయిన అడిగాడు. పాటకి సెకనుకి 44,100 శాంపిళ్ళు, మామూలు హ్యాండ్స్ ఫ్రీ కాల్‌కి 8,000. స్పీకర్ ఒకటే అయినా దారులు రెండు. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది, ఆ ఇరుకు ఇప్పటికీ మనతో వస్తోంది.

పెద్దనాయినకి వినికిడి పరీక్ష చేయించినప్పుడు ఇచ్చిన కాగితం మీద గ్రాఫుకి డీబీ అని ఉంది. డెసిబెల్. ఆ రెండో అక్షరం ఇంగ్లీషులో పెద్దక్షరంగా రాసేది ఎందుకంటే అది బెల్ పేరు కాబట్టి. వినికిడి కొలిచే ఆడియోమీటర్ ఒకటి 1879లో ఆయనే చేశాడు కూడా. జీవితమంతా తను వినికిడి లేనివాళ్ళ పంతుల్నే అని చెప్పుకున్నాడు. ఆరేళ్ళ హెలెన్ కెల్లర్ తండ్రికి ఎక్కడికి వెళ్ళాలో దారి చూపింది బెల్. ఆవిడ తర్వాత తన ఆత్మకథని ఆయనకే అంకితం ఇచ్చింది. మైనం రికార్డుల మీద వచ్చిన డబ్బుతో వినికిడి లేనివాళ్ళ కోసం వోల్టా బ్యూరో పెట్టాడు.

ఇంత చేసినాయన సైగల భాషని బడుల్లోంచి తీసేయాలన్నాడు. వినికిడి లేని పిల్లలు నోటితోనే మాట్లాడాలి, పెదాలే చదవాలి, చేతులతో మాట్లాడుకుంటే వాళ్ళలో వాళ్ళే ఉండిపోతారు, వాళ్ళలో వాళ్ళే పెళ్ళి చేసుకుంటే చెవిటి జాతి ఒకటి తయారవుతుంది అని 1880ల్లో పెద్ద వ్యాసమే రాశాడు. ఆయన పేరుకున్న బలం వల్ల ఆ వాదన ఇంకా గట్టిపడింది. ఎన్నో బడుల్లో పిల్లల చేతులు కట్టేసినంత పని అయింది. వినికిడి లేనివాళ్ళ సమాజం ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు, వాళ్ళ కోపం న్యాయమైందని నా అభిప్రాయం. తల్లి పక్కన కూర్చుని వేళ్ళతో అక్షరాలు చూపించినవాడు ఆ మాట ఎలా అనగలిగాడో నాకు అర్థం కాదు. మా పెద్దనాయిన పాత దోస్తులు ఇంటికొస్తే చూస్తాను. ప్రెస్ మెషిన్ల మోతలో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళు. టీ అయిందా, సూపర్‌వైజర్ వస్తున్నాడా, ఇంక పోదామా, అన్నీ చేతులతోనే. బయట నిశ్శబ్దంగా ఉన్నా వాళ్ళ చేతులు ఆగవు. ఎవరూ నేర్పలేదు, ఏ బడీ లేదు. అవసరం వచ్చింది, భాష వచ్చింది.

చివరి ముప్ఫై ఏళ్ళు ఆయన ఎక్కువగా కెనడాలోని బాడెక్ దగ్గర, సరస్సు ఒడ్డున ఇంట్లో గడిపాడు. గాలిపటాలు, విమానాలు, నీటి మీద లేచి పరుగెత్తే పడవ, గొర్రెల పెంపకం కూడా. విమానాల బృందానికి డబ్బు పెట్టింది మేబెలే. 1909లో వాళ్ళ సిల్వర్ డార్ట్ కెనడాలో ఎగిరింది.

1922 ఆగస్టు 2న, 75 ఏళ్ళ వయసులో, ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆఖరి ఘడియల్లో మేబెల్ తనని వదిలి వెళ్ళొద్దని అడిగితే, మాట్లాడే ఓపిక లేక, వెళ్ళనని వేళ్ళతో సైగ చేశాడని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. రెండు రోజుల తర్వాత ఆయన్ని పూడ్చేటప్పుడు అమెరికా, కెనడాల్లో ఫోన్లన్నీ ఒక నిమిషం ఆపేశారు. అయిదు నెలలకి, 1923 జనవరిలో మేబెల్ కూడా పోయింది.

వోల్టా ల్యాబు రికార్డులు కొన్ని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో చాలా ఏళ్ళు ఎవరూ వినకుండా పడి ఉన్నాయి. సూది పెడితే పాడైపోతాయి, పెట్టడానికి తగిన యంత్రమూ లేదు. ఈ మధ్య లారెన్స్ బర్క్‌లీ ల్యాబు వాళ్ళు వాటిని ముట్టుకోకుండా, కాంతితో ఫోటోలు తీసి, గీతల ఆకారాన్ని కంప్యూటర్లో శబ్దంగా మార్చారు. అందులో 1885 ఏప్రిల్ 15 తేదీ ఉన్న మైనం పూసిన అట్ట బిళ్ళ ఒకటి. నాలుగున్నర నిమిషాలు. 2013లో బయటపెట్టారు. ఒక మగగొంతు వరసగా అంకెలు చదువుతుంది, తర్వాత డాలర్ల లెక్కలు, చివర్లో తన పేరు చెప్తుంది. ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా, ఎదురుగా ఉన్నవాళ్ళు పెదాలు చూస్తున్నారేమో అన్నట్టు. నెట్లో దొరుకుతుంది, వినండి. చెవిలో ఇయర్‌ఫోన్ కాదు, స్పీకర్లో పెట్టండి.